నా మీద ప్రయోగం

ఆ శీతాకాలం ఢిల్లీలోని ద్వారకలో పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే ఎదుటి టవర్లు ఉండేవి కావు. ముందు పై అంతస్తులు పోయేవి, తర్వాత నడుము పోయేది, చివరికి గేటు దగ్గర కాపలావాడి ఈల ఒక్కటే మిగిలేది. అది ఏ మూలనుంచి వస్తోందో తెలిసేది కాదు. అలాంటి తెల్లటి పొద్దుల్లోనే మా అబ్బాయి ఆఫీసుకు బయలుదేరుతూ వంటింట్లోకి వచ్చి, గట్టు కింద అలమర తలుపు తీసి, గ్యాస్ పైపు వాల్వు అడ్డంగా తిప్పి, కట్టేసి వెళ్ళడం మొదలుపెట్టాడు.

కారణం పాలు. ఒకరోజు పాలగిన్నె పొయ్యి మీద పెట్టి బాల్కనీలోకి వెళ్ళాను. పొగమంచులోంచి ఎదుటి టవరు తేలి వస్తోంది. మొదట ఒక కిటికీ, దాని పక్కన ఎవరిదో ఆరేసిన ఎర్ర దుప్పటి. చూస్తూ నిలబడిపోయాను. పాలు పొంగి, ఇగిరి, మాడి, గిన్నె నల్లబడి, పక్క ఫ్లాటావిడ వచ్చి తలుపు బాదేదాకా నాకు తెలియలేదు. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. గిన్నె నేనే తోమాను. మాడు వదిలింది.

"అమ్మ మరిచిపోతోంది" అన్నాడు మా అబ్బాయి ఆ సాయంత్రం కోడలితో. నెమ్మదిగానే అన్నాడు. కానీ ఈ ఫ్లాట్ల గోడలకు దాపరికం తెలియదు.

కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతకడం నాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఇదివరకు ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. ఆ మాట పుట్టాక నవ్వడం మానేసి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలైంది. నేనూ మారాను. కుళాయి కట్టేశానా అని వెనక్కి వచ్చి చూసేదాన్ని. చూసి వెళ్ళి, సరిగా చూశానా అని మళ్ళీ వచ్చేదాన్ని.

నేను చదివింది అయిదో తరగతి. చిట్టచివరికి నా చేతికి గట్టిగా పట్టుబడ్డ విద్య ఏదైనా ఉందంటే అది నిప్పు. ఏ పప్పుకు ఎంత సెగ కావాలో, ఏ కూర ఎప్పుడు దించాలో మూత తీయకుండా చెప్పగలను. అలాంటిదాన్ని పొద్దున వండి వేడి డబ్బాలో పెట్టిన అన్నం మధ్యాహ్నం తినాల్సి వచ్చింది. మూత తీస్తే అన్నానికి చెమట పట్టి ఉండేది. అది మింగుతూ, ఆ వాల్వు మళ్ళీ నిలువుగా తిరిగే రోజు నేను బతికుండగా వస్తుందా అనుకునేదాన్ని. మిగతా కోరికలన్నీ ఎప్పుడో తీరాయి, లేదా నేనే వాటిని కట్టిపెట్టాను. ఇదొక్కటి ఉండిపోయింది.

మా మనవరాలు అప్పుడు మనసుల చదువు ఎమ్మే రెండో ఏడు చదువుతోంది. ఒక ఆదివారం నేను దీపారాధనకు వత్తులు చేసుకుంటుంటే వచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నాన్నమ్మా, నీ మీద ప్రయోగం చేయాలి."

నా వేళ్ళ మధ్య దూది ఆగిపోయింది. మా గోదావరి వైపు ప్రయోగమంటే ఒకటే అర్థం. నిమ్మకాయ, తలవెంట్రుక, పసుపు కుంకాల ముగ్గు. ఫలానావాళ్ళ ఇంటి మీద ప్రయోగం చేయించారట అని చెవిలో చెప్పుకుంటే, ఆ ఇంట్లో ఎవరో అకారణంగా చిక్కిపోతున్నారన్నమాట.

"ఎవరు చేయించమన్నారే?"

"మా మేడమ్."

"మీ మేడమ్‌కి నేనేం అన్యాయం చేశాను?"

అది ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నేల మీద దొర్లి దొర్లి నవ్వింది. "హే భగవాన్! జాదూ టోనా కాదు నాన్నమ్మా! ఎక్స్‌పెరిమెంట్! హిందీలో ప్రయోగ్ అంటారు కదా, తెలుగులో కూడా అదే అనుకున్నా."

"తెలుగులోనూ అదే. అదే వచ్చిన చిక్కు" అన్నాను.

దాని చదువు ముగియాలంటే ఒక ప్రయోగం చేసి పుస్తకం రాసివ్వాలట. ముక్కుకూ మనసుకూ ఉన్న సంబంధం దాని విషయం. పెద్దవయసు తెలుగువాళ్ళు కావాలట. ఢిల్లీ చలికాలంలో, ఊరంతా ముక్కులు దిబ్బడేసుకుని ఉండగా, వాసనల మీద పరిశోధన! ఆ మాటే అన్నాను. "అదే నా కర్మ" అంది. కొత్త సీసాలు కొంటానంటే వద్దని, అటక మీద దాచిన హోమియో మందు సీసాలు దింపించాను. నీళ్ళ మిషను వదిలేసే నీళ్ళు బకెట్లో పట్టి ఉంచుతాను కదా, వాటితో రెండు చేతులా కడిగి ఎండబెట్టాం. ఎండ అంటే పేరుకే, బాల్కనీలో ఉప్పుకల్లంత వెలుగు.

కడుగుతూ అడిగాను. "ఇందులో నేను పాసైతే నా బుర్ర బాగానే ఉందని మీ నాన్నకు చెబుతావా? వాల్వు తీయిస్తావా?"

"అది టెస్ట్, నాన్నమ్మా. ఇది ప్రయోగం. టెస్ట్ ఒక మనిషి గురించి చెబుతుంది. ప్రయోగం మనుషులందరి గురించి చెబుతుంది. ఇందులో పాస్, ఫెయిల్ ఉండవు."

ఉండని పరీక్ష లోకంలో ఎక్కడుంది? పైకి అనలేదు కానీ లోపల గట్టిగానే అనుకున్నాను. నేను పాసవుతాను, వీడు వాల్వు తీస్తాడు.

ప్రయోగాల్లో రకాలు కూడా ఆ పూటే చెప్పింది. మనిషిని ఒక మూసిన గదిలోకి పిలిచి, మిగతా లోకాన్నంతా బయటపెట్టి, ఒక్క విషయం మాత్రం మార్చి చూడటం ఒక రకం. మనిషి ఉన్న చోటికే, బజారుకో గుడికో వెళ్ళి చూడటం ఇంకో రకం. మూడోదాంట్లో మనం ఏమీ చేయం. లోకమే మనుషుల్ని రెండు దారుల్లో పంపుతుంది, మనం తర్వాత వెళ్ళి చూసుకుంటామంతే.

ఆ మూడోది విన్నాక చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఒకే కంచంలో తిని పెరిగిన అక్కచెల్లెళ్ళం మేము. నన్ను సర్కారు ఉద్యోగికి ఇచ్చారు, ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లకు వచ్చి పడ్డాను. చెల్లెలిని పక్క ఊరికే ఇచ్చారు. అది ఇప్పుడు కబుర్లు చెబితే నవ్వుతూ చెబుతుంది, నేను చెబితే తిట్టినట్టుంటుందట. ఢిల్లీ నన్నిలా చేసిందా, ముందే ఇలా ఉన్నానా? ఎవరూ పూనుకోని ప్రయోగం అది. వెళ్ళి చూసుకునేవాళ్ళు కూడా ఎవరూ లేకపోయారు.

శనివారాల్లో మా సొసైటీలో ఉన్న తెలుగు ఆడవాళ్ళమంతా ఎవరో ఒకరింట్లో చేరి విష్ణుసహస్రనామం చదువుకుంటాం. నేను వద్దన్నా పిల్ల వినకుండా అక్కడికి వచ్చి, ప్రసాదం పెట్టే వేళ లేచి నిలబడి, ఎంతో మర్యాదగా రెండు చేతులూ జోడించి చెప్పింది.

"ఆంటీ, మీ అందరి మీదా ప్రయోగం చేస్తాను. నొప్పి ఉండదు. తర్వాత అన్నీ మరిచిపోవచ్చు."

పులిహోర నోట్లో పెట్టుకోబోతున్న చేతులు ఆగాయి. ఒకావిడ తన దొన్నె కొంగు కిందికి లాక్కుంది. రాజమండ్రి వైపునుంచి వచ్చిన పెద్దావిడ నా దగ్గరికి జరిగి గుసగుసగా అంది. "వదినగారూ, పిల్లకి పెళ్ళి సంబంధాలు చూస్తున్నారా? అదే నయమండీ."

నేను లేచాను. "ప్రయోగం లేదు, పాడూ లేదు. దాని తెలుగు తగలెయ్య. చదువుకునే పిల్లకి మీ ముక్కు సాయం కావాలిట. సీసా వాసన చూసి ఏమనిపించిందో చెప్పడమే."

"ముక్కు సాయమా!" అని నవ్వారు. మాట మారేసరికి మొహాలు మారాయి. అయినా ఆ పెద్దావిడ ఊరుకోలేదు. "ముందు మీరు చూడండి వదినగారూ. వారం తిరిగేసరికి మీరు బాగుంటే మేమూ చూస్తాం."

ఆ విధంగా నేను ముందు వెళ్ళాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్ళ జవాబులు పుస్తకంలో చేర్చకూడదట. నాతోనూ మా అబ్బాయితోనూ పిల్ల చేయి తిప్పుకుంటుందన్నమాట, మొదటి దోసె పెనానికి వేసినట్టు.

మెట్రోలో కాలేజీకి తీసుకెళ్ళింది. పైన వంతెన మీద పోయినంతసేపూ పొగమంచు కిటికీలకు ఆనుకుని మాతో పాటే వచ్చింది. సొరంగంలోకి దిగాక అద్దంలో నా మొహమే ఎదురుగా కూర్చుంది, ఎవరో పరాయి ముసలమ్మ దూరప్రయాణం వెళ్తున్నట్టు. ఆవిడ ఏ స్టేషన్లో దిగుతుందో అనుకుంటూ కునుకు తీశాను.

కాలేజీలో ఆ గది చాలా చిన్నది. కిటికీకి నల్ల పరదా. గోడకు కేలండరు కూడా లేదు. గదిలో ఇంకేదైనా ఉంటే, మనసు దేనివల్ల కదిలిందో తెలియదట. ఒక బల్ల, రెండు కుర్చీలు, లోపల తడి దూది పెట్టిన ఒక సీసా. పిల్ల నా ఎదురుగా కూర్చుని ఒక్కసారిగా పరాయిదైపోయింది.

"మీరు ఎప్పుడైనా మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు" అంది.

నా మనవరాలు నన్ను మీరు అనడం అదే మొదలు. ఆ మాట కూడా నాతో ఎవరూ ఎప్పుడూ అని ఉండలేదు. పెళ్ళిపీటల మీద అనలేదు, ఢిల్లీ రైలు ఎక్కించేటప్పుడూ అనలేదు. అన్నా లేచి వెళ్ళేదాన్ని కాదనుకోండి. విని మాత్రం కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాను.

"ఈ సీసాలో వంటింటి వాసన ఒకటి చాలా పలచగా ఉంది. కళ్ళు మూసుకుని, అదేమిటో చెప్పండి."

మూసుకున్నాను. మొదట ఏమీ లేదు, దూది చల్లదనం తప్ప. తర్వాత ఎక్కడో అడుగునుంచి, మెట్లు ఎక్కి వచ్చినట్టు, ఒక వాసన వచ్చింది. బొగ్గుల మీద ఇంగువ.

ఆర్.కె. పురంలో మా మొదటి చలికాలం అది. కుంపటిని అక్కడ అంగీఠీ అనేవాళ్ళు. ఇనప బకెట్టుకు లోపల మట్టి మెత్తి, కింద గాలికి కన్నం పెట్టి చేసేవాళ్ళు. సాయంత్రం కాగానే క్వార్టర్ల ముందు వరసగా అంగీఠీలు పెట్టి అంటించేవాళ్ళు. పొగ అంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాకే లోపలికి మోసుకెళ్ళాలి. ఆ సంగతి నాకు నేర్పింది పక్కింటి పంజాబీ ఆవిడ. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. చేతులు పట్టుకుని నేర్పింది. ఆ పొగలో ఇళ్ళు కనిపించేవి కావు, వాకిళ్ళలో ఎర్రటి మూతులు మాత్రం వరసగా వెలుగుతూ ఉండేవి. నేను ఇంత నెయ్యి వేసి, ఇంగువ పలుకు పడేస్తే, అటు గోడ అవతలినుంచి ఆవిడ గట్టిగా తుమ్మేది. తుమ్మి నవ్వేది. ఆ నవ్వుతో సహా వినిపించింది నాకు, నల్ల పరదా గదిలో.

చెప్పాను. అంతా చెప్పాను. పిల్ల రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపేసింది.

"ఠీక్ హై. అయిపోయింది నాన్నమ్మా. ఇప్పుడు నిజం చెప్పాలి. అది రూల్." దాని గొంతు మళ్ళీ మా ఇంటిదైంది. "సీసాలో ఏమీ లేదు. నీళ్ళు. మన ఇంటి నీళ్ళే."

ముందు కోపం వచ్చింది. "అబద్ధం చెప్పి చదువుకుంటారా మీరు? నీళ్ళు వాసన చూడటానికి మెట్రో ఖర్చొకటా?" అన్నాను. కోపం దిగాక అసలు సంగతి తట్టింది. మాడుతున్న పాల వాసన పట్టలేదు, లేని ఇంగువ వాసన పట్టాను. ఇలాంటిదాని చేతికి ఏ కొడుకు పొయ్యి అప్పగిస్తాడు?

"మీ నాన్నకు చెప్పకే" అన్నాను. నా నోటినుంచి అంత చిన్న గొంతు వస్తుందని నాకే తెలియదు.

"చెప్పను. అది కూడా రూల్" అని నా చెయ్యి పట్టుకుంది.

తిరుగు మెట్రోలో వివరంగా చెప్పింది. వాసన ఉందని ముందుగా చెబితే కుర్రవాళ్ళు, తన స్నేహితులు కూడా కొందరు ఏదో ఒకటి పట్టారట. ఒకమ్మాయి లవంగం అందట, ఇంకొకడు సబ్బు అన్నాడట. అదే సీసా ఇచ్చి, ఏమైనా ఉంటే చెప్పండి, లేకపోతే లేదనండి అన్నవాళ్ళలో ఎక్కువమంది ఏమీ లేదన్నారట. అందుకే రెండు గుంపులు కావాలట. ఒక్క గుంపే ఉంటే సీసా చేసిందో, మాట చేసిందో తేలదు.

"అంటే వాసన సీసాలో లేదు. నేను చెప్పిన మాటలో ఉంది."

"మాట వేసి లేనిదాన్ని ఉన్నట్టు చేయడం" అన్నాను. "మా ఊళ్ళో దాన్నే కదటే ప్రయోగమనేవాళ్ళు. తప్పుగా ఏం అన్నారు?"

"అరే! సచ్ మే! నిజమే!" అంది.

"మరి దీనికి విరుగుడు?"

"నిజం చెప్పేయడమే. అందుకే అయిపోగానే చెప్పాలి. చెప్పకుండా మనిషిని పంపితే పాపం."

కిటికీ అవతల మేడలు ఒక్కొక్కటే కరిగిపోతున్నాయి. అమ్మ మరిచిపోతోంది అన్న మాట కూడా ఇంట్లో ఒకరు వదిలారు, అందరూ వాసన పడుతున్నారు, నాతో సహా. అందులో పాలు ఎంత, మాట ఎంత? దానికి రెండో గుంపు లేదు. ద్వారక వచ్చేదాకా ఆ ఆలోచనలోనే తేలుతూ ఉన్నాను.

తర్వాతి ఆదివారం మా అబ్బాయి వంతు. భోజనాల బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. కోడలు బట్టలు మడతపెడుతోంది, నేను చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. మాట్లాడొద్దని మా ఇద్దరికీ ముందే చెప్పింది. సీసాలో వంటింటి వాసన ఉందన్న మాటే వాడికీ చెప్పి ఇచ్చింది.

వాడు కళ్ళు మూసుకున్నాడు. వాసన చూశాడు. భృకుటి ముడిపడింది. సీసా దింపి గబగబా వంటింట్లోకి వెళ్ళాడు. అలమర తలుపు తీసిన చప్పుడు. తిరిగి వచ్చి మళ్ళీ చూశాడు.

"గ్యాస్" అన్నాడు. "గ్యాసే. కొంచెం మాడు వాసన కూడా ఉంది. ఇలాంటివి ఇంట్లో తెచ్చి పెట్టొచ్చా? లీకైతే?"

"డాడీ, అది నీళ్ళు" అంది పిల్ల.

వాడు నమ్మలేదు. సీసా వెలుతురుకు ఎత్తి చూశాడు. మళ్ళీ వాసన చూశాడు. నిజం తెలిశాక కూడా వస్తోందేమో, సీసా దించలేదు. కోడలు నవ్వబోయి, వాడి మొహం చూసి ఆపుకుంది. అరవై దగ్గరపడుతున్న మనిషి, పొద్దున్నే తుమ్ములతో లేచే మనిషి, ఆఫీసులో కూర్చున్నంతసేపూ వాడి ముక్కులో ఈ వాసనే ఉందన్నమాట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. వాల్వు తిప్పేటప్పుడు వాడి చెయ్యి మాత్రమే చూశాను.

"నాకు ఇంగువ వచ్చిందిరా" అన్నాను, చెప్పొద్దనుకున్నది నేనే చెప్పేస్తూ. "నా ముక్కులో మన పాత క్వార్టరుంది. నీ ముక్కులో నేనున్నాను."

వాడు సీసా బల్ల మీద పెట్టాడు. "కానీ అమ్మా, పాలు నిజంగానే మాడాయి కదా" అన్నాడు చివరికి.

"మాడాయి" అన్నాను. కాదని ఎలా అంటాను?

అప్పుడు పిల్ల కల్పించుకుంది. ఒక్క మనిషితో చేసే ప్రయోగం కూడా ఉందట. ఇంకెవరితోనూ పోల్చరు, ఆ మనిషిని ఆ మనిషితోనే పోలుస్తారు. ఒక వారం వాల్వు తెరిచి ఉంచడం, ఒక వారం మూయడం, మళ్ళీ తెరవడం, మళ్ళీ మూయడం. ఏ వారం ఏం మరిచిపోయిందీ ఉన్నదున్నట్టు రాసుకోవడం.

"నా మీద చేయవే ప్రయోగం" అన్నాను. "మా ఊరివాళ్ళు వింటే పారిపోతారు గానీ, చేయి."

వాడు పక్క ఫ్లాటావిడకు మా ఇంటి తాళంచెవి ఒకటి ఇచ్చి వచ్చి, సరేనన్నాడు.

తెరిచిన మొదటి వారం నేను పొయ్యి ముందు జవానులా నిలబడ్డాను. "ఇది లెక్కలోకి రాదు. ఎవరో చూస్తున్నారని తెలిస్తే మనిషి మారిపోతుంది. నువ్వు మామూలుగా ఉండు" అని పిల్ల తిట్టింది. క్రమంగా మామూలైపోయాను. ఒకసారి చారు పొంగింది, రాయించాను. మూసిన వారంలో నిప్పు పని లేక పగలంతా పడుకునేదాన్ని. పగటి నిద్రలో ఎటో వెళ్ళిపోయి, లేచి అది పొద్దున్నో సాయంత్రమో తేల్చుకోలేక కూర్చునేదాన్ని. గుళికలు మరిచిపోయాను, ఒకసారి వీధి తలుపు గడియ పెట్టడం మరిచిపోయాను. అవీ రాయించాను. మళ్ళీ తెరిచిన వారం కాస్త తేరుకున్నాను.

"మూసినప్పుడే ఎక్కువ మరిచిపోతున్నావు" అంది పిల్ల. మళ్ళీ వెంటనే, "కానీ ఇంత చిన్నదాంతో ఏమీ తేలదు నాన్నమ్మా. ఇంకోసారి మూసి చూడాలి" అంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది, ఆ మాట నచ్చలేదు. రాసింది పిల్ల చూపించబోతే వాళ్ళ నాన్న, "తర్వాత చూస్తాలే" అన్నాడు.

ఇంకోసారి మూసే సోమవారం వచ్చింది. నేను వేడి డబ్బాలు కడిగి సిద్ధం చేసి పెట్టాను. అందరూ వెళ్ళిపోయారు. తర్వాత అలమరలోంచి చేట తీయబోతే వాల్వు నిలువుగా ఉంది.

నియమం నియమమే. ఫోను చేశాను. "ఒరే, ఇవాళనుంచి మూసే వంతు. వాల్వు తిప్పడం మరిచిపోయావు."

అటువైపు రోడ్డు చప్పుడు. ఎక్కడో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నట్టున్నాడు.

"మరిచిపోలేదమ్మా" అన్నాడు.

"మరి ఆ పిల్ల ప్రయోగం పాడైపోదట్రా?"

"పాడైపోనీ. మధ్యాహ్నం వేడిగా ఏదైనా వండుకుని తిను."

ఫోను పెట్టేశాను. సాయంత్రం అది వచ్చి వాళ్ళ నాన్నను వదిలేసి నన్నే సాధిస్తుంది, నాకు తెలుసు. బుట్టలో లేత వంకాయలున్నాయి. కత్తిపీట వాల్చుకుని, ఉప్పునీళ్ళ గిన్నె పక్కన పెట్టుకున్నాను. కిటికీ అవతల ఇంకా ఏ టవరూ పుట్టలేదు.